మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడే వెలిగే లైటు: ఒక పాత డీజిల్ వ్యాన్ కేసు

బండి 2014 మోడల్, 12 సీట్ల డీజిల్ వ్యాన్, బిఎస్-4 కామన్ రైల్ ఇంజిన్ (పంప్ తోసిన డీజిల్ రైల్ అనే ఒకే గొట్టంలో గట్టి ప్రెషర్‌తో నిలుస్తుంది, అక్కడి నుంచి ఇంజెక్టర్లు దాన్ని సిలిండర్లలోకి చిమ్ముతాయి), మీటర్ మీద 2 లక్షల 14 వేల కిలోమీటర్లు. ఓనరే డ్రైవర్. పుంగనూరు పక్క పల్లె ఆయనది, చాలా ఏళ్లుగా బెంగళూరులో కె.ఆర్.పురంలో ఉంటున్నాడు. వారమంతా ఆఫీసు ట్రిప్పులు, శని ఆదివారాలు తిరుపతి. నా మెకానిక్ షెడ్డు ఓల్డ్ మద్రాస్ రోడ్డు పక్కనే కాబట్టి పోతూ వస్తూ చూసేవాడట గానీ, అప్పటికే నాలుగు చోట్ల తిరిగి విసిగిపోయాక నా దగ్గరికి వచ్చాడు.

సమస్య ఆయన మాటల్లోనే: "సామీ, పొయ్యేటప్పుడు ఏమీ ఉండదు. వచ్చేటప్పుడు మొగిలి ఘాట్‌లో ఆ పసుపు లైటు వెలగతాది, బండి చచ్చిపోతాది. పక్కన ఆపి తాళం తీసి మళ్లీ వేస్తే నడస్తాది. లైటు మాత్రం పోదు." ఆ పసుపు లైటు ఇంజిన్‌లో లోపం ఉందని చెప్పే చెక్ ఇంజిన్ లైటు, మొగిలి ఘాట్ చిత్తూరుకూ పలమనేరుకూ మధ్య ఉన్న కొండదారి. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఈ ఎనిమిది నెలల్లో ఈజీఆర్ (పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) విప్పి కడిగారు, రైల్ ప్రెషర్ సెన్సార్ మార్చారు, డీజిల్ ఫిల్టర్ రెండుసార్లు మార్చారు, ట్యాంకులో ఏదో మందు పోశారు. అన్నీ కలిపి 41 వేలు. చివరి చోట హైప్రెషర్ పంప్ పోయిందని చెప్పి 65 వేలకు కొటేషన్ ఇచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకునే వచ్చాడు. పెద్ద కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల, ఆ మాట ఆయన చెప్పకుండానే ముఖం చెబుతోంది.

స్కానర్ పెట్టి చూస్తే ఖాళీ. లోపాన్ని చెప్పే కోడ్ ఒక్కటి కూడా లేదు. ముందురోజు ఎవరో ఎరేస్ కొట్టి పంపించారు. ఇది చాలా షెడ్లలో ఉన్న అలవాటు, నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఏ ఆర్‌పీఎంలో ఉంది, ఎంత లోడ్‌లో ఉంది, ఎంత వేడెక్కింది, బండి ఎంత స్పీడులో పోతోంది అన్నదంతా ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఒక ఫొటో తీసినట్టు దాచి పెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. కోడ్ ఎరేస్ చేస్తే ఆ ఫొటో కూడా పోతుంది. బ్యాటరీ టెర్మినల్ పీకి లైటు ఆర్పితే కూడా కొన్ని బండ్లలో అంతే. అంటే ఎనిమిది నెలలుగా బండి చెబుతున్న సాక్ష్యాన్ని ఎవరూ వినకుండా తుడిచేస్తూ వచ్చారు. ఆయన ఫోన్‌లో పాత షెడ్డు వాళ్లు తీసి పంపిన స్కానర్ ఫొటో ఒకటి దొరికింది, అందులో పి0087 అని మాత్రం ఉంది. రైల్ ప్రెషర్ ఉండాల్సిన దానికంటే తక్కువ ఉందని దాని అర్థం. పంప్ పోయిందని కాదు. ఎక్కడ తగ్గింది, ఎందుకు తగ్గిందనేది ఆ కోడ్ చెప్పదు, మనమే వెతుక్కోవాలి.

మామూలు చెకింగ్ మొదలుపెట్టాను. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా రైల్ ప్రెషర్ సెన్సార్ సిగ్నల్ చూస్తే 0.5 వోల్టు, ఐడిల్‌లో 1.1 వోల్టు. సెన్సార్ బాగానే ఉంది, కప్లర్‌లో పచ్చ తుప్పు లేదు, వైరింగ్ ఊపి చూసినా రీడింగ్ కదలలేదు. ఐడిల్‌లో ఈసీయూ అడుగుతున్నది 280 బార్, వస్తున్నది 278. నిలబెట్టి 3000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసినా వెనకబడలేదు. తర్వాత నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి నాలుగు చిన్న సీసాలు తగిలించి ఐడిల్‌లో రెండు నిమిషాలు నడిపాను. 22, 24, 23, 22 మిల్లీలీటర్లు. ఇంజెక్టర్ ఏదైనా లోపల లీకైతే ఆ సీసా ఒక్కటే ముందు నిండిపోయేది. ఇక్కడ నాలుగూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. (ఇవి రిటర్న్ పైపులు, వీటిలో ప్రెషర్ పెద్దగా ఉండదు. రైల్ నుంచి ఇంజెక్టర్లకు పోయే ఇనుప పైపుల్ని ఇంజిన్ నడుస్తుండగా ఎవరూ, ఎప్పుడూ లూజ్ చేయకండి. లోడ్‌లో 1600 బార్ దాకా పోయే ప్రెషర్ అది, ఆ డీజిల్ సూదిలా చర్మం లోపలికి దిగిపోతుంది. వేలు తీసేయాల్సి వచ్చిన వాళ్లున్నారు.)

ఇక మిగిలింది డీజిల్ పంప్ దాకా వచ్చే దారి. ఈ బండిలో ట్యాంకు లోపల మోటార్ లేదు. హైప్రెషర్ పంప్‌కే అతుక్కుని ఒక చిన్న గేర్ పంప్ ఉంటుంది, అదే వెనకాల ట్యాంకు నుంచి ఫిల్టర్ మీదుగా డీజిల్ పీల్చుకుంటుంది. అంటే ట్యాంకు నుంచి పంప్ దాకా ఉన్న లైనంతా నడిచేటప్పుడు పీల్పులో ఉంటుంది. అక్కడ పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద చెమ్మ లేదు కదా అని వదిలేయకూడదు. ఫిల్టర్‌కూ పంప్‌కూ మధ్య ఒక అడుగు పారదర్శకమైన పైపు వేసి స్టార్ట్ చేశాను. రేజ్ చేసినప్పుడు సన్న బుడగలు. హ్యాండ్ ప్రైమర్ (లైనులోకి డీజిల్ ఎక్కించే చేతి పంప్) రబ్బరు గట్టిపడిపోయి పగుళ్లు పట్టి ఉంది. దొరికేసిందనుకున్నాను. ప్రైమర్ మార్చాను, పైపు జాయింట్లలో ఉండే బాంజో బోల్టులకు కొత్త కాపర్ వాషర్లు వేశాను, ఎయిర్ తీసి స్టార్ట్ చేస్తే ఐడిల్‌లో బుడగలు పోయాయి, రేజ్ చేస్తే ఒకటీ అరా కనిపించాయి, లైనులో మిగిలిన గాలేలే అనుకున్నాను. హోస్కోటె దాకా ఖాళీ బండితో ట్రయల్ కొట్టాను, పికప్ బాగుంది, కోడ్ లేదు. బండి ఇచ్చేశాను.

ఇక్కడ నేను చేసిన తప్పు వివరంగా చెప్పాలి. పగిలిన ప్రైమర్ కనిపించింది, అది నిజంగానే మార్చాల్సిన వస్తువే, కానీ ఆయన చెప్పిన కంప్లైంట్ ఖాళీ బండితో చదును రోడ్డు మీద వచ్చేది కాదు. నిండా జనంతో, ఘాట్‌లో, గంటన్నర నడిచాక వచ్చేది. ఆ పరిస్థితి తెప్పించకుండా బాగైందని చెప్పే హక్కు నాకు లేదు.

ఆ శనివారం రాత్రి పదకొండున్నరకు ఫోన్. వెనకాల లారీల హారన్లు. "సామీ, మళ్లా అదే చోట. పదకొండు మంది ఉండారు బండిలో, చిన్నపిల్లోళ్లు కూడా." తిట్టలేదు ఆయన, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. ఒక్కటే చెప్పాను: "అన్నా, తాళం తీసి వేసుకుని మెల్లగా సెకండ్ గేర్‌లో ఎక్కేయండి. ఎవ్వరినీ స్కానర్ పెట్టనీయొద్దు, బ్యాటరీ ముట్టుకోనీయొద్దు. లైటు వెలుగుతూనే నా దగ్గరికి తెచ్చేయండి."

సోమవారం పొద్దున లైటుతోనే వచ్చింది బండి. పి0087, కన్ఫర్మ్‌డ్. ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచాను: 2640 ఆర్‌పీఎం, లోడ్ 94 శాతం, కూలెంట్ 91 డిగ్రీలు, స్పీడ్ 46, ఇంజిన్ స్టార్ట్ అయి 96 నిమిషాలు. ఈసీయూ అడిగిన రైల్ ప్రెషర్ 1180 బార్, వచ్చింది 760. ఇంకో అంకె ఉంది, దాన్ని చాలామంది చూడకుండా వదిలేస్తారు, అది బారో, అంటే బయటి గాలి ఒత్తిడి. 95 కిలోపాస్కల్ అని ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎప్పుడు చూసినా 91 అటూఇటూ చూపిస్తుంది, చెన్నైలో అయితే 101. 95 అంటే దాదాపు 500 మీటర్ల ఎత్తు, అంటే చిత్తూరు దాటి పలమనేరు చేరకముందు, ఘాట్ మధ్యలో. ఓనర్ చెప్పిన చోటు, చెప్పిన టైము, బండి రాసి పెట్టుకున్నది, మూడూ కలిశాయి. ఎనిమిది నెలలుగా ఆయన చెబుతున్నది అక్షరాలా నిజం.

మరి పోయేటప్పుడు ఎందుకు రాదు? బెంగళూరు నుంచి పోయేటప్పుడు మొగిలి ఘాట్ దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. రెండోది, తిరుపతిలో కొట్టించిన డీజిల్ కల్తీ అయుంటుందని అంతకుముందు షెడ్డులో చెప్పారట. కానీ డీజిల్ కర్ణాటకలోనే చౌక, అందుకని ఆయన ఎప్పుడూ ఇక్కడే ఫుల్ ట్యాంక్ కొట్టించుకుని పోతాడు, అక్కడ ఒక్క లీటరు కూడా పోయించడు. పోయేటప్పుడు బాగున్న డీజిలే వచ్చేటప్పుడూ. కల్తీ మాట అక్కడితో పోయింది. కాకపోతే వచ్చేటప్పటికి ట్యాంకు సగానికి దిగిపోయి ఉంటుంది, పంప్ ఇంకొంచెం కింది నుంచి పీల్చుకోవాలి. ఇదొక్కటి మనసులో పెట్టుకున్నాను.

ఈసారి లోడ్‌తోనే చూడాలి. మొగిలి దాకా పోనక్కర్లేదు, బెంగళూరు దగ్గరే నంది కొండ ఉంది. పక్క వాటర్ క్యాన్ల షాపు అతన్ని అడిగి 20 లీటర్ల క్యాన్లు 25 తీసుకున్నాను, సీట్ల మీదా మధ్యలోనూ సర్ది తాళ్లతో కట్టాం, అర టన్ను. ఫిల్టర్‌కూ పంప్‌కూ మధ్య టీ జాయింట్ వేసి ఒక వ్యాక్యూమ్ గేజ్ తగిలించి, గేజ్‌ను ముందు అద్దం బయట వైపర్ పక్కన టేప్ వేసి అతికించాను. ఓనర్ నడుపుతాడు, మా కుర్రాడు స్కానర్ చూస్తాడు, నేను గేజ్ చూస్తాను.

ఎందుకీ గేజ్ అంటే, రైల్ ప్రెషర్ పడిపోవడానికి దారులు రెండు. కొబ్బరి బోండాంలో స్ట్రా వేసి పీలుస్తున్నారనుకోండి, స్ట్రా నలిగిపోతే మీ బుగ్గలు లోపలికి పోతాయి, నీళ్లు మాత్రం రావు. స్ట్రాకు చిల్లు ఉన్నా, మీకే పీల్చే ఓపిక లేకపోయినా బుగ్గలు లోపలికి పోవు. అదే ఇక్కడా. ప్రెషర్ పడేటప్పుడు గేజ్ మీద వ్యాక్యూమ్ పెరిగితే పంప్ బాగానే లాగుతోంది, వెనకాల నుంచి డీజిల్ రావట్లేదు. వ్యాక్యూమ్ పెరగకుండానే ప్రెషర్ పడితే పంప్ అరిగిందనో, రెగ్యులేటర్ పోయిందనో, గాలి లాగుతోందనో అనుకోవాలి. 65 వేల పంప్ మార్చాలా వద్దా అన్నది ఈ ఒక్క గేజ్ తేలుస్తుంది.

కొండ మొదట్లో 0.15 బార్. రెండు మలుపులు తిరిగేసరికి 0.2. ఎండ బాగా ఉంది, దేవనహళ్లి మీదుగా గంటన్నర నడిపి తెచ్చాం కాబట్టి అంతా వేడిగానే ఉంది. నిటారు ఎక్కుడులో థర్డ్ గేర్, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించాను. ముల్లు కదలడం మొదలైంది. 0.3, 0.45, 0.6. మా కుర్రాడు వెనక నుంచి చదువుతున్నాడు: "1190... 1100... 940... 810." ఆరేడు సెకన్లలో లైటు వెలిగింది, బండి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్‌ను కాపాడటానికి ఈసీయూ పవర్ తగ్గించేసే స్థితి) పడిపోయింది. ఓనర్ అన్న స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి "ఇదే సామీ, ఇదే" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆ జబ్బు మెకానిక్ కళ్ల ముందు వచ్చింది.

పంప్ తప్పు లేదని అక్కడే తేలిపోయింది. కిందికి దిగి గేజ్‌ను ఫిల్టర్‌కు ముందు వైపు మార్చి మళ్లీ ఎక్కాం. అక్కడా 0.6. ఫిల్టరే అడ్డం అయితే ఫిల్టర్ ముందు ఇంత వ్యాక్యూమ్ రాదు, కాబట్టి ఫిల్టర్ కూడా కాదు, ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్యే. మూడోసారి 10 లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, మూతకు రెండు రంధ్రాలు చేసి బుష్‌లు వేసి, కొత్త పైపుతో నేరుగా ఫిల్టర్‌కు ఇచ్చాను, రిటర్న్ కూడా క్యాన్‌లోకే తిప్పి క్యాన్‌ను క్లీనర్ సీటు కాళ్ల దగ్గర గట్టిగా కట్టాను. (డీజిల్ కాబట్టి ఇది చేయొచ్చు. పెట్రోల్ బండికి ఎంత అవసరమైనా చేయకూడదు.) అదే మలుపు, అదే గేర్, అదే లోడ్. వ్యాక్యూమ్ 0.12 దాటలేదు, రైల్ ప్రెషర్ అడిగినంత వచ్చింది, బండి గుర్రంలా ఎక్కేసింది.

షెడ్డుకు వచ్చి ట్యాంకు దించాం. లోపలి జల్లెడకు కాస్త జిగురు ఉంది, కడిగాను, కానీ అది మూసుకుపోలేదు. ట్యాంకులోంచి డీజిల్ బయటికొచ్చే మూతి నుంచి చాసిస్ మీది ఇనుప పైపు దాకా రెండడుగుల రబ్బరు పైపు ఉంది. పైకి నల్లగా, నున్నగా, కొత్తదానిలా ఉంది, ఒక్క పగులు కూడా లేదు. వేళ్ల మధ్య నొక్కి చూస్తే ఉడికిన వంకాయలా మెత్తగా దిగిపోయింది. బ్లేడుతో నిలువునా చీల్చాను. 8 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉండాల్సిన చోట గోరు కూడా దూరని చీలిక. లోపలి పొర ఉబ్బి, ఒకచోట నాలుకలా ఊడి వేలాడుతోంది. ఓనర్ అన్న దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

అంతకుముందు షెడ్డులో ఈ లైన్‌ను ఎయిర్ కొట్టి చూశారట, గాలి ధారాళంగా పోయింది కాబట్టి లైన్ క్లియర్ అని రాసిచ్చారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఊదితే ఆ నాలుక పక్కకు తెరుచుకుంటుంది, మెత్తటి పైపు వెడల్పవుతుంది. పీలిస్తే నాలుక అడ్డం పడుతుంది, పైపు గోడలు దగ్గరికొస్తాయి. పీల్పులో పనిచేసే లైన్‌ను ఊది పరీక్షించకూడదు. ఖాళీ బండితో చదును రోడ్డు మీద డీజిల్ తక్కువే కావాలి, ఆ చీలికలోంచి వచ్చేది సరిపోతుంది. ఘాట్‌లో ఎక్కువ కావాలి, పీల్పు పెరుగుతుంది, పీల్పు పెరిగేకొద్దీ దారి ఇంకా మూసుకుంటుంది. గంటన్నర నడిచాక రబ్బరు వేడెక్కి ఇంకా మెత్తబడుతుంది. ట్యాంకు సగం దిగి ఉంటే కష్టం ఇంకొంచెం. ఆయన చెప్పిన ప్రతి లక్షణానికీ ఇక్కడ జవాబుంది.

నేను మొదటిసారి చూసిన బుడగలకు కూడా. డీజిల్‌లో గాలి కరిగి ఉంటుంది, గోలీసోడా మూత తీస్తే ఒత్తిడి తగ్గి బుడగలు పొంగినట్టు, పీల్పు ఎక్కువైతే డీజిల్‌లోంచి కూడా బుడగలు వస్తాయి. ఎక్కడా లీకు లేకపోయినా వస్తాయి. ప్రైమర్ మార్చాక కూడా రేజ్ చేస్తే మిగిలిన ఆ ఒకటీ అరా బుడగలు ఇవే. బుడగ కనిపిస్తే లీకు వెతకడం ఎంత ముఖ్యమో, అడ్డం వెతకడం కూడా అంతే ముఖ్యమని తెలిసొచ్చింది, ఇప్పుడు గేజ్ లేకుండా నేను ఈ పని ముట్టుకోవడం లేదు.

ఆ పైపు ఎక్కడిది అని అడిగితే గుర్తు చేసుకున్నాడు. ఏడాదిన్నర కిందట రాత్రి పూట బండి పెట్టిన చోట ఎలుకలు పైపు కొరికాయి, పొద్దున్నే ట్రిప్పు, దగ్గర్లో ఎవరో చేతిలో ఉన్న పైపు వేసి పంపించారు. దాని మీద ఏ ప్రింటూ లేదు. నాకు అది హీటర్ పైపు అనిపించింది. కూలెంట్‌కు వాడే పైపులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు, వేడి నీళ్లకు, కూలెంట్‌కు అది బంగారం లాంటిది, కానీ డీజిల్‌కూ ఆయిల్‌కూ తాళదు, ఉబ్బిపోతుంది. డీజిల్‌కు నైట్రైల్ లాంటి డీజిల్ తాళే లోపొర ఉన్న పైపే వేయాలి. అనుమానం తీర్చుకోవడానికి కొత్త హీటర్ పైపు ముక్క ఒకటి, డీజిల్ పైపు ముక్క ఒకటి ఒకే పొడవు కోసి, గాజు సీసాలో డీజిల్ పోసి అందులో వేశాను. నాలుగో రోజు తీస్తే డీజిల్ పైపు వేసినట్టే ఉంది, హీటర్ పైపు లావెక్కి, మెత్తబడి, కొలిస్తే పొడవు కూడా పెరిగింది. ఆ సీసా ఇప్పటికీ షెడ్డులో బల్ల మీదే ఉంది, కొత్తగా పనిలో చేరిన పిల్లలకు ముందు అదే చూపిస్తాను.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పోయే ముందు మీటర్‌లో ఆ లైటు బల్బు వైరు కట్ చేసేద్దామని ఆయనకు ఒకరు సలహా ఇచ్చారు, 500 అడిగారు. ఆయన ఒప్పుకోలేదు, మంచి పని చేశాడు. ఈ హైప్రెషర్ పంప్‌కు వేరే ఆయిల్ ఉండదు, లోపల తిరిగే డీజిలే దానికి ఆయిల్. డీజిల్ అందక బుడగలతో తిరిగితే లోహం లోహాన్ని తింటుంది, ఆ పొడి రైల్‌లోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్‌లో ట్యాంకులోకి పోతుంది. అప్పుడు పంప్‌తో పాటు నాలుగు ఇంజెక్టర్లు, రైల్, అన్నీ మార్చాలి. ఆ లైటు వెలిగి బండిని లింప్ మోడ్‌లో పెట్టబట్టే పంప్ ఇంకా బతికుంది. పాత ఫిల్టర్ కోసి కాగితం మడతలు వెలుగులో చూశాను, మెరుపు పొడి ఎక్కడా లేదు. అది చూశాకే నాకు ఊపిరాడింది.

స్పేర్ పార్టుల షాపులుండే జె.సి.రోడ్ నుంచి డీజిల్ ప్రింట్ ఉన్న 8 మిల్లీమీటర్ల పైపు ఒకటిన్నర మీటరు, అంచు పైపును కోయని గుండ్రటి క్లిప్పులు, కొత్త ఫిల్టర్ తెచ్చాను. పైపు, క్లిప్పులు కలిపి 740 రూపాయలు. ఫిల్టర్ వేరు. లేబర్, మూడు ట్రయళ్లు కలిపి 4500 తీసుకున్నాను, మొదటిసారి ప్రైమర్‌కు తీసుకున్న లేబర్ ఇందులో తగ్గించేశాను, ఎందుకంటే ఆ రోజు బాగైందని చెప్పింది నేనే.

కోడ్ ఇప్పుడు ఎరేస్ చేశాను, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీసి పెట్టుకున్నాకే. క్యాన్లు మళ్లీ ఎక్కించి నంది కొండ నాలుగోసారి ఎక్కాం. వ్యాక్యూమ్ 0.18 దగ్గర ఆగిపోయింది, అడిగిన ప్రెషర్‌కూ వచ్చిన ప్రెషర్‌కూ తేడా 20 బార్ దాటలేదు. ఆ తర్వాత మూడు నెలల్లో తొమ్మిది తిరుపతి ట్రిప్పులు పోయాడు. మొదటి ట్రిప్పులో పలమనేరు చేరాక రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేశాడు, నేను భయపడుతూ ఎత్తాను. "ఏం లేదు సామీ, లైటు రాలేదని చెప్దామని" అన్నాడు.

రిటర్న్ పైపు కూడా ఆ రోజు అదే రబ్బరుతో వేసినట్టుంది, విప్పి చూస్తే అదీ ఉబ్బడం మొదలుపెట్టింది. తెచ్చిన ఒకటిన్నర మీటరులో మిగిలిన ముక్కతో దాన్నీ మార్చేశాను.